మద్దెలే ఓటిదైతే

తుపాకీ దానంతట అది పేలదు. అమెరికాలో వేటకు వెళ్ళినచోట ఎవరికైనా గుండు తగిలితే మొదట వినిపించే మాట ఇది. తోటి వేటగాళ్ళు అంటారు, పోలీసులు అంటారు, కంపెనీ వకీళ్ళు కోర్టులో అంటారు. ట్రిగ్గర్ మీద వేలు పడనిదే గుండు బయటికి రాదని, పడలేదని చెప్పేవాడు భయపడో సిగ్గుపడో అబద్ధమాడుతున్నాడని వాళ్ళ నమ్మకం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేతగానివాడు ఆయుధం మీద నెపం వేస్తున్నాడని తేల్చేస్తారు. ఈ నమ్మకం తప్పు. తప్పు మాత్రమే కాదు, హానికరం కూడా. దశాబ్దాల పాటు ఒక లోపాన్ని కాపాడింది అదే. మద్దెల నిజంగానే ఓటిదైన సందర్భం ఒకటి ఉంది. కంపెనీ కాగితాల సాక్షిగా, కోర్టు తీర్పుల సాక్షిగా ఉంది. దాని పేరు రెమింగ్టన్ మోడల్ 700.

రెమింగ్టన్ 1816లో మొదలైన కంపెనీ. న్యూయార్క్ రాష్ట్రంలో ఇలియన్ అనే చిన్న ఊళ్ళో దాని ఫ్యాక్టరీ 2024 దాకా నడిచింది. అక్కడ తయారైన మోడల్ 700 రైఫిల్ 1962లో మార్కెట్లోకి వచ్చింది. జింకల వేటకు అమెరికాలో దీనంత పేరున్న బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఇంకోటి లేదనవచ్చు. సైన్యం స్నైపర్లు వాడిన ఎం24, మెరైన్లు వాడిన ఎం40 దీని మీద కట్టినవే. గురి తప్పదని, ట్రిగ్గర్ మెత్తగా, ఒక్కసారిగా తెగుతుందని దానికి ఖ్యాతి. ఆ మెత్తదనం మైక్ వాకర్ అనే ఇంజనీరు రూపొందించిన ట్రిగ్గర్‌ది. 1948లో వచ్చిన 721, 722 మోడళ్ళలోనే అది ఉంది. పేరు తెచ్చిన భాగమూ, ప్రమాదం తెచ్చిన భాగమూ ఒకటే.

అది ఎలా పనిచేస్తుందో కొంచెం ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే వాదనంతా అక్కడే ఉంది. బోల్ట్‌ను ముందుకు తోసి కిందికి దించగానే ఫైరింగ్ పిన్ వెనక స్ప్రింగు బిగుసుకుంటుంది. పిన్ను ముందుకు దూకి తూటా మడమను కొట్టకుండా ఆపేది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క. మామూలుగా ఆ సియర్‌ను ట్రిగ్గర్ అంచే మోస్తుంది. వాకర్ ఆ రెంటి మధ్య కనెక్టర్ అనే మూడో ముక్క పెట్టాడు. దాన్ని ట్రిగ్గర్‌కు బిగించలేదు. చిన్న స్ప్రింగు ఒత్తిడితో అది ట్రిగ్గర్‌కు ఆనుకుని ఉంటుంది, అంతే. సియర్ అంచు కనెక్టర్ అంచు మీద నిలిచేది వెంట్రుకవాసి మేర. పేల్చినప్పుడల్లా కనెక్టర్ ట్రిగ్గర్ నుంచి విడిపోయి ముందుకు జరుగుతుంది, మళ్ళీ వెనక్కి వచ్చి ఆనుకుంటుంది. విడిపోయిన క్షణంలో మధ్య ఒక సందు ఏర్పడుతుంది. ఆ సందులో దుమ్ము రేణువు, తుప్పు, చిక్కబడిన నూనె, గడ్డకట్టిన తడి ఏది చేరినా కనెక్టర్ పూర్తిగా వెనక్కి రాలేదు. సియర్ అంచు చివర వేలాడుతుంది, లేదా అసలు ఆధారమే లేకుండా పోతుంది.

ఇక సేఫ్టీ సంగతి. ఈ రైఫిల్‌లో సేఫ్టీ ఫైరింగ్ పిన్నును పట్టి ఉంచదు. సియర్‌ను కనెక్టర్ మీది నుంచి కాస్త పైకెత్తి పట్టుకుంటుంది. సేఫ్టీ తీసినప్పుడు సియర్ మళ్ళీ కిందికి దిగి కనెక్టర్ మీద కూర్చోవాలి. కనెక్టర్ దాని చోట లేకపోతే కూర్చోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు సేఫ్టీ తీయడమే ట్రిగ్గర్ నొక్కినట్టవుతుంది. సేఫ్టీ తీసినప్పుడు పేలిందని కొందరు, బోల్ట్ తెరిచినప్పుడు పేలిందని కొందరు, మూసినప్పుడు పేలిందని కొందరు, తుపాకీ దేనికో తగిలినప్పుడు పేలిందని కొందరు చెప్పారు. ఒకరినొకరు ఎరగని మనుషులు, వేర్వేరు రాష్ట్రాలవాళ్ళు, వేర్వేరు దశాబ్దాలలో ఈ నాలుగు తీర్లే చెప్పారు. యంత్రం లోపలి అమరిక కూడా ఈ నాలుగు తీర్లనే అనుమతిస్తుంది. కట్టుకథలైతే ఇంత పొందికగా కుదరవు.

అయితే ఫిర్యాదు చేసినవాళ్ళ తుపాకీలను కంపెనీ తెప్పించుకుని పరీక్షించలేదా? పరీక్షించింది. మళ్ళీ అలా పేల్చలేకపోయామని ఎందరికో జవాబు రాసింది. ఈ జవాబునే లోపం లేదనడానికి రుజువుగా చూపిస్తారు. గుండు పేలిన కుదుపుకే సందులోని రేణువు రాలిపోవచ్చు, కనెక్టర్ మళ్ళీ చోటికి చేరవచ్చు. పోలీసు ప్రయోగశాలకు చేరేసరికి అది మంచి తుపాకీ. ఈ లోపం తన సాక్ష్యాన్ని తానే చెరిపేసుకుంటుంది. ఒక్కొక్క తుపాకీనీ విడిగా పరీక్షిస్తే ఎప్పటికీ దొరకదు. వేలమంది ఫిర్యాదులను ఒకచోట పరిచి చూస్తేనే కనిపిస్తుంది. ఆ వేల ఫిర్యాదులు ఉన్నది ఒకే చోట, కంపెనీ బీరువాలో. వేలు పెట్టావు అని మనిషిని నిందించడం ఎప్పుడూ తేలిక, ఎందుకంటే మనిషి ఎదురుగా ఉంటాడు, కాగితాలు ఎక్కడో ఉంటాయి.

ఆ కాగితాలు తర్వాత బయటికొచ్చాయి. రైఫిల్ మార్కెట్లోకి రాకముందే, 1940ల చివరలో, పరీక్షల్లో కనిపించిన ప్రమాదాన్ని వాకర్ స్వయంగా కంపెనీకి రాసి తెలిపాడు. 1948లో ట్రిగ్గర్‌ను కదలకుండా పట్టి ఉంచే ఒక అడ్డుముక్క పెడదామన్నాడు. తుపాకీకి 5.5 సెంట్లు ఖర్చు. కంపెనీ వద్దంది. 2010లో సీఎన్‌బీసీ చానెల్ ఈ విషయం మీద డాక్యుమెంటరీ తీసినప్పుడు వాకర్ తొంభై ఏళ్ళు దాటిన వృద్ధుడు. ఆ మార్పు చేసి ఉండాల్సిందన్నాడు. తన తుపాకీని ప్రేమించిన మనిషే ఆ మాట అన్నాడు. దాన్ని వినియోగదారుడి నెపం అనగలమా?

1978లో మోడల్ 600 అనే మరో రైఫిల్ మీద టెక్సస్‌లో దావా నడిచింది. సేఫ్టీ తీయగానే పేలి ఒక మనిషికి నడుము కింద చచ్చుబడింది. కంపెనీ 68 లక్షల డాలర్లకు రాజీ చేసుకుని, సుమారు 2 లక్షల తుపాకీలను రీకాల్ చేసి వెనక్కి రప్పించింది. మరి మోడల్ 700 మాటేమిటన్న ప్రశ్న సహజంగా వచ్చింది. 1979 జనవరిలో కంపెనీ భద్రతా ఉపసంఘం కూర్చుని లెక్క వేసింది. జనం చేతుల్లో ఉన్నవి 20 లక్షలు. వాటిలో సేఫ్టీని సగంలో నిలిపి ట్రిగ్గర్ నొక్కితే తర్వాత తీయగానే పేలే అవకాశమున్నవి నూటికి ఒకటి, అంటే 20 వేలు. ఆ 20 వేల కోసం 20 లక్షలు పోగుచేయాలి కాబట్టి రీకాల్ వద్దని తీర్మానించారు.

లక్షల మంది ఏ చీకూ చింతా లేకుండా వాడుతున్నారు కదా, కొద్దిమంది మాటతో లోపమని ఎలా అంటారు అనేవాళ్ళు ఈ లెక్కను మళ్ళీ చదవాలి. నూటికి ఒకటి అన్నది వాళ్ళ శత్రువులు చెప్పిన సంఖ్య కాదు, కంపెనీ వాళ్ళదే. నూటికి తొంభై తొమ్మిది బాగున్నాయన్నది నిజమే. ఏ ఒకటి చెడిందో ఎవరికీ తెలియకపోవడమే ప్రమాదం. తెలియదు కాబట్టే అన్నింటినీ పిలవాలి. రీకాల్ అనేది ఉన్నదే అందుకు. కార్ల బ్రేకుల విషయంలో ఇదే లెక్క ఏ కంపెనీ అయినా చెబితే ఈ వేటగాళ్ళే మండిపడతారు.

తర్వాతి వాదన గట్టిది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. గొట్టం ఎప్పుడూ మనిషి వైపు ఉండకూడదు అన్నది వేట బడిలో నేర్పే మొదటి సూత్రం. ఆ సూత్రం పాటిస్తే ఎలా పేలినా ఎవరూ చావరు, చచ్చారంటే పట్టుకున్నవాడు సూత్రం తప్పాడన్నమాట, కాబట్టి తప్పు అతనిదే. సూత్రం అక్షరాలా నిజం. తుపాకీ పట్టే ప్రతివాడూ ప్రాణంలా పాటించాలి. దాన్నుంచి తీసిన ముగింపు మాత్రం నిజం కాదు.

2000 సంవత్సరంలో మోంటానాలో ఒక కుటుంబం వేట ముగించుకుని వచ్చింది. తల్లి రైఫిల్‌లోని తూటాలు తీయబోయింది. 1982 దాకా తయారైన ఈ మోడళ్ళలో బోల్ట్‌కు ఒక తాళం ఉండేది. సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ తెరుచుకోదు. తూటా బయటికి తీయాలంటే ముందు సేఫ్టీని తీసి, పేల్చే స్థితిలో పెట్టి తీరాలి. ఆమె తయారీదారు చెప్పిన పద్ధతిలోనే సేఫ్టీ తీసింది. తుపాకీ పేలింది. గుండు గుర్రాలను తీసుకెళ్ళే ట్రెయిలర్ గుండా దూసుకుపోయి అవతల ఉన్న తొమ్మిదేళ్ళ కొడుకును చంపింది. ఆమె గొట్టాన్ని పెట్టింది ట్రెయిలర్ వైపు. కొడుకు అవతల ఉన్నట్టు ఆమెకు కనపడలేదు. వేట రైఫిల్ గుండుకు రేకు అడ్డం కాదు, గోడ అడ్డం కాదు. చుట్టూ అన్ని దిక్కులా, అన్ని వేళలా కిలోమీటర్ల మేర ఖాళీగా ఉండే లోకం ఎక్కడుంది? కుటుంబాలు తిరిగే చోట, వాహనాల పక్కన, తూటాలు తీయడం రోజూ జరిగే పని. సరిగ్గా ఆ పనిలోనే, అత్యంత జాగ్రత్తగా ఉండాల్సిన క్షణంలోనే, సేఫ్టీ తీయమని యంత్రం బలవంతపెట్టింది. టెక్సస్‌లో మరొకాయన తూటాలు తీస్తుండగా పేలి పాదం పోగొట్టుకున్నాడు. ఆ గొట్టం నేల వైపే ఉంది. 1994లో జ్యూరీ ఆయనకు 1.7 కోట్ల డాలర్లు ఇవ్వమంది. అందులో 1.5 కోట్లు కంపెనీకి శిక్షగా వేసినవి.

జాగ్రత్త సూత్రం రెండో కట్ట, లోపం లేని యంత్రం మొదటి కట్ట. రెండోది ఉంది కదా అని మొదటిదాన్ని గండి కొట్టి అమ్మే హక్కు ఎవరికీ లేదు.

శుభ్రం చేయకపోవడం వల్లే ఇదంతా అని కూడా అంటారు. దుమ్ము పడితే, తుప్పు పడితే, నూనె గడ్డకడితే అది యజమాని అశ్రద్ధ అట. వేట రైఫిల్‌ను దేనికోసం కొంటారు? మంచులో పడుకోవడానికి, వానలో నడవడానికి, పొదల్లో దూరడానికి. నవంబరు మంచులో పనిచేయని వేట రైఫిల్ వేట రైఫిలే కాదు. పైగా ఆ ట్రిగ్గర్ ఒక మూసిన పెట్టెలో ఉంటుంది. యజమాని దాన్ని విప్పకూడదని కంపెనీయే చెప్పింది. విప్పొద్దన్నదాని లోపల శుభ్రం చేయలేదని అతన్నే ఎలా తప్పు పడతారు? ఆ కాలానికి అంతకంటే మంచి పద్ధతి తెలియదనడానికీ వీల్లేదు. జర్మనీలో 1898 నాటి మౌజర్ రైఫిల్ సేఫ్టీ ఫైరింగ్ పిన్నునే వెనక్కి లాగి పట్టుకుంటుంది. అమెరికాలోనే 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70 సేఫ్టీ కూడా పిన్నునే బంధిస్తుంది. దాని ట్రిగ్గర్ తెరిచి ఉంటుంది, చెత్త పడినా రాలిపోతుంది. వాకర్ ట్రిగ్గర్ పుట్టేనాటికే పరిష్కారం పక్క దుకాణంలో అమ్ముతున్నారు.

అన్నింటికంటే నన్ను కలిచివేసేది ఈ నమ్మకం మనుషులకు చేసిన అన్యాయం. అమెరికా దక్షిణాది రాష్ట్రం ఒకదానిలో పదిహేనేళ్ళ కుర్రాడి చేతిలో మోడల్ 700 పేలి తమ్ముడు చనిపోయాడు. భయంతో ఆ కుర్రాడు మొదట అబద్ధం చెప్పాడు, ఆ తర్వాత వేలు పెట్టలేదన్నాడు. నమ్మలేదు. హత్యకు కాస్త తక్కువ నేరం కింద జైలుకు పంపారు. ఆ తుపాకీలో ఉన్నది వాకర్ ట్రిగ్గర్ స్థానంలో 2006లో తెచ్చిన ఎక్స్‌మార్క్ ప్రో అనే కొత్త ట్రిగ్గర్. 2014 ఏప్రిల్‌లో కంపెనీ ఆ ట్రిగ్గర్‌నే రీకాల్ చేసింది. బిగింపులో వాడిన అతుకు పదార్థం ఎక్కువ కావడం వల్ల అనుకోకుండా పేలే అవకాశముందని తానే ప్రకటించింది. అప్పటికి ఆ కుర్రాడు శిక్షలో ఉన్నాడు. ఆ రోజు వేలు పడిందా లేదా అన్నది నేను తేల్చలేను. తుపాకీ దానంతట అది పేలదు అన్న మాట మీద ఒక పిల్లవాడిని జైలుకు పంపే హక్కు ఎవరికీ లేదని మాత్రం తేల్చి చెబుతాను.

రీకాల్ చేశారు కదా, కోర్టులో రాజీ కూడా అయింది కదా, ఇంకేం కావాలి అనేది మరో మాట. 2013లో మిస్సోరిలో వేసిన సామూహిక దావా 2017లో రాజీతో ముగిసింది. దాని కిందికి వచ్చిన తుపాకీలు సుమారు 75 లక్షలు. చాలా మోడళ్ళకు ఉచితంగా ట్రిగ్గర్ మారుస్తామన్నారు. కొన్ని పాత మోడళ్ళవాళ్ళకు పది పన్నెండు డాలర్ల వోచర్ ఇచ్చి సరిపెట్టారు. మొదటి విడతలో వచ్చిన దరఖాస్తులు 2,327. అది చూసి జడ్జి ఆమోదం ఆపి, నోటీసు మళ్ళీ బాగా ఇవ్వమన్నాడు. చివరికి వచ్చినవి 22 వేల దాకా. వకీళ్ళ ఫీజు 1.25 కోట్ల డాలర్లు. చూశారా, యజమానులకే పట్టలేదు, వాళ్ళకు లోపం ఉందన్న భయమే లేదు అని దీన్నుంచి కొందరు తీర్మానించారు.

ఇది తలకిందుల తర్కం. మార్చుకోమని చెబుతూనే, అదే ఒప్పందంలో లోపం లేదని కంపెనీ నొక్కి చెప్పింది. లోపం లేదంటున్న తుపాకీని ఎవడు తిప్పి పంపుతాడు, అదీ వేట కాలంలో? ఈ తుపాకీలు తాత నుంచి మనవడికి పోయినవి, పాత సామాను దుకాణాల్లో చేతులు మారినవి. ఎవరి దగ్గర ఏముందో జాబితా లేదు. కారు రీకాల్ అయితే రిజిస్ట్రేషన్ చూసి ఉత్తరం ఇంటికొస్తుంది. తుపాకీ యజమానికి ఏ ఉత్తరమూ రాదు.

ఇక్కడే అసలు గండి ఉంది. అమెరికాలో బొమ్మలు, ఊయలలు, నిచ్చెనలు, టోస్టర్ల భద్రత చూసే వినియోగదారుల ఉత్పత్తి భద్రతా సంఘానికి తుపాకీల మీద అధికారం లేదు. 1972 చట్టంలోనే వాటిని మినహాయించారు. అప్పటి మిషిగన్ కాంగ్రెస్ సభ్యుడు జాన్ డింగెల్ ఆ మినహాయింపుకు పట్టుబట్టినవాడు. తూటాలనైనా ఆ సంఘం కిందికి తేవాలని కోర్టుకెక్కితే, 1976లో కాంగ్రెస్ ఆ దారినీ మూసేసింది. గాలి తుపాకీలు మాత్రం సంఘం పరిధిలోనే ఉన్నాయి. అందుకే 2001లో డెయిజీ కంపెనీ గాలి తుపాకీల మీద, అవి కూడా 75 లక్షల దాకానే, పిల్లలు చనిపోతున్నారని సంఘం దావా వేయగలిగింది. 2003లో ఆ కేసు రీకాల్ లేకుండా, హెచ్చరికలు, ప్రచారంతోనే ముగిసింది, అది వేరే బాధ. కానీ అక్కడ అడగడానికి ఒక ప్రభుత్వ సంస్థ ఉంది, కాగితాలు తెమ్మనే హక్కు దానికుంది. నిజమైన రైఫిల్ విషయంలో ఆ అడిగేవాడే లేడు. బాధితుడు ఒక్కొక్కడూ సొంత ఖర్చుతో దావా వేయాలి, రాజీ పడితే కాగితాలకు సీలు పడుతుంది, తర్వాతి బాధితుడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కొడుకును పోగొట్టుకున్న మోంటానా తండ్రి ఏళ్ళ తరబడి తిరిగి పోగుచేసిన పత్రాలు, లక్షకు పైగా, పబ్లిక్ జస్టిస్ అనే సంస్థ ద్వారా ప్రజల ముందుకు వచ్చాయి. ప్రభుత్వం చేయాల్సిన పని అది.

ఈ అధికారం ఇస్తే తుపాకీలన్నీ లాక్కుంటారని ఆయుధ హక్కుల వాళ్ళు భయపెడతారు. ఈ కథలో చనిపోయినవాళ్ళు, కాళ్ళు పోయినవాళ్ళు, కోర్టుకెళ్ళినవాళ్ళు దాదాపు అందరూ వేటగాళ్ళే, తుపాకీ హక్కును నమ్మేవాళ్ళే. సేఫ్టీ తీసినప్పుడు పేలని రైఫిల్ కావాలనడం ఏ హక్కుకు విరుద్ధం? కార్లకు రీకాల్ చట్టం వచ్చి అరవై ఏళ్ళు కావస్తోంది, ఎవరి కారూ ఎవరూ లాక్కోలేదు. మన దేశంలో వేట నిషిద్ధం, లైసెన్సు తుపాకీలు తక్కువ. అయినా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రమాదకరమైన వస్తువును వెనక్కి రప్పించమని ఆదేశించే అధికారం కేంద్ర సంస్థకు ఉంది. ప్రపంచంలో అత్యధిక తుపాకీలున్న దేశంలో ఆ పాటి అధికారం ఎవరికీ లేకపోవడాన్ని స్వేచ్ఛ అనలేం.

రెమింగ్టన్ 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా కోర్టుకెళ్ళింది. రెండోసారి ఆస్తులు ముక్కలుగా అమ్ముడుపోయాయి. కంపెనీ మంచితనం మీద ఆధారపడిన రీకాల్ కంపెనీతోపాటే పోతుంది. ఉక్కు రైఫిల్ మాత్రం వందేళ్ళు పనిచేస్తుంది. 1972 చట్టంలోని మినహాయింపును తీసేయాలి. తుపాకీ లోపాల దావాల్లో కాగితాలకు సీలు వేయడం ఆపాలి. ప్రమాదం జరిగినప్పుడు పట్టుకున్నవాడి మాటతోపాటు ఆ మోడల్ మీద వచ్చిన ఫిర్యాదులను కూడా పోలీసులు తెప్పించి చూడాలి.

టెక్సస్‌లోనో మిషిగన్‌లోనో స్థిరపడి, స్నేహితులతో జింకల వేటకు వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడున్నారు. వాళ్ళ పిల్లలూ వెళుతున్నారు. ఎవరో ఇచ్చిన పాత మోడల్ 700 మీ ఇంట్లో ఉంటే, దాన్ని తూటాలు లేకుండా తుపాకీల మరమ్మతు తెలిసిన నిపుణుడి దగ్గరికి తీసుకెళ్ళి ట్రిగ్గర్ ఏదో చూపించండి. వాకర్ ట్రిగ్గర్ అయినా, రీకాల్ అయిన కాలంలోని ఎక్స్‌మార్క్ ప్రో అయినా మార్పించండి. అది మార్చేదాకా దానిలో తూటా పెట్టకండి.